మనది కల అంటున్నారు. అవును, కలే. అయితే ఏంటి?

తమ్ముడూ, చెల్లీ,

ఈ మధ్య ఒక సదస్సులో కూర్చున్నాను. జల్ జంగల్ జమీన్ మీద మన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. అడవి మీద హక్కు ఊరిదే అన్నారు, గ్రామసభ మాటే చివరి మాట కావాలన్నారు. ఆఖర్న పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన మైకు పట్టుకుని నవ్వుతూ అన్నాడు: "మీ ఆవేశం బాగుంది గానీ, ఇదంతా యుటోపియా. చరిత్ర ముందుకే పోతుంది, వెనక్కి రాదు." ఆయన చెడ్డవాడు కాదు. మన కేసుల్లో సాయం చేసిన మనిషే. అయినా ఆ మాటకి మన పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఒక్కరూ లేచి జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అదే సాయంత్రం టీ తాగుతుంటే మన కుర్రాడొకడు నా దగ్గరికొచ్చాడు. "అన్నా, మనకెందుకే ఈ మార్క్సులూ గతితర్కాలూ? మన తాతల కాలంలో అన్నీ ఉన్నాయి. ఆ కాలం తిరిగి తెచ్చుకుంటే చాలదా?" అన్నాడు. వాడిక్కూడా ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. పెద్దాయన మన కలని పక్కన పెట్టమంటున్నాడు. తమ్ముడు కల తప్ప ఇంకేమీ వద్దంటున్నాడు. ఇద్దరి మాటా విన్నామంటే మన చేతికి మిగిలేది ఏమీ లేదు. అందుకే ఇద్దరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "యుటోపియా" సంగతి చూద్దాం. ఆ మాట పుట్టింది 1516లో, థామస్ మోర్ అనే ఇంగ్లీషాయన రాసిన పుస్తకంలో. గ్రీకు మాటలు కలిపి చేసిన పేరది, "ఎక్కడా లేని చోటు" అని అర్థం. సరే, ఆ పుస్తకం మొదటి భాగంలో ఏముందో తెలుసా? ఉమ్మడి భూములకు కంచెలు వేసి, రైతుల్ని వెళ్లగొట్టి, ఉన్ని కోసం గొర్రెల్ని మేపుకుంటున్న దొరల మీద కోపం ఉంది. భూమి పోయిన మనిషి దొంగతనం చేస్తే ఉరి తీస్తారా, వాణ్ని దొంగని చేసింది మీరు కాదా అన్న నిలదీత ఉంది. అంటే యుటోపియా అన్న మాటే భూమి గుంజుకున్న చోట పుట్టింది. కడుపు నిండినవాడు కాలక్షేపానికి కన్న కల అనుకోకండి.

ఇంకో సంగతి. "ఎక్కడా లేని చోటు" అంటే మనకు కొత్తా? మన గూడేలు ఎన్ని రెవెన్యూ రికార్డుల్లో లేవు? మూడు తరాలుగా బతుకుతున్న ఊరు, చింతచెట్లు నాటుకున్న ఊరు, సచ్చినోళ్లను పూడ్చుకున్న ఊరు, సర్కారు మ్యాపు తీస్తే అక్కడ పచ్చ రంగు తప్ప ఏమీ ఉండదు. రిజర్వు ఫారెస్టు, కంపార్ట్‌మెంట్ నంబర్ ఇంత. ఊరు లేదు, మనుషులు లేరు. మన ఊరిని ఎక్కడా లేని చోటు చేసింది వాళ్లు. ఇప్పుడు ఆ ఊరు మాదని మనం అంటే యుటోపియా అంటున్నదీ వాళ్లే.

ఇక కలల లెక్కే తీద్దాం అంటే, ఈ దేశంలో అందరికంటే పెద్ద కలలు కంటున్నది ఎవరు? పోలవరం ముంపు ఊళ్ల వాళ్లను అడగండి. 2014లో ఏడు మండలాలను తెలంగాణ నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కోయలు, కొండరెడ్లు ఉండే గూడేలతో సహా 300కు పైగా ఊళ్లు ముంపు లెక్కలో ఉన్నాయి. వాళ్లకు చూపించినవన్నీ కలలే కదా! కొత్త కాలనీ, కొత్త ఇల్లు, భూమికి భూమి, ఉద్యోగం, ఉజ్వల భవిష్యత్తు. ఇప్ప చెట్టు లేని చోట, గోదారి లేని చోట, వేల్పుల గుడి లేని చోట కోయోడు సుఖంగా బతుకుతాడన్నది కల కాకపోతే ఏమిటి? తేడా ఒక్కటే. వాళ్ల కలకి బడ్జెట్ ఉంది, పోలీసులు ఉన్నారు, బుల్డోజర్ ఉంది. అందుకే దాన్ని "అభివృద్ధి" అంటారు. మన కలకి అవేవీ లేవు కాబట్టి "యుటోపియా" అంటారు.

ఇప్పుడు కొమురం భీం దగ్గరికి వద్దాం. మన తాత గురించి మనకు విగ్రహం తెలిసినంతగా మనిషి తెలియదు. ఆయన అడవి దాటి బయటి లోకం చూడనివాడు కాదు. గొడవలో ఊరు విడిచి చాందా వైపు పోయాడు, అచ్చు పనివాడి దగ్గర ఉండి చదవడం రాయడం నేర్చుకున్నాడు, అస్సాం పోయి తేయాకు తోటల్లో కూలి చేశాడు. అంటే పుస్తకం చూశాడు, పట్నం చూశాడు, వేల మంది కూలీలను ఒకచోట పెట్టి పిండే తోటల పద్ధతి కూడా చూశాడు. ఇవన్నీ చూసి తిరిగొచ్చి బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్లను నిలబెట్టి, ఇక్కడ మా పాలన మాదే అన్నాడు. తెలియని వాడి కల కాదది. తెలుసుకుని వచ్చినవాడి నిర్ణయం.

1940లో నిజాం పోలీసులు జోడేఘాట్‌లో ఆయన్ని చంపారు. పన్నెండు ఊళ్ల రాజ్యం రాలేదు. "చూశారా, కల ఓడిపోయింది" అంటారు పెద్దలు. కానీ తర్వాత ఏం జరిగింది? గోండుల్లో ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో చూడమని అదే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపాల్సి వచ్చింది. మార్లవాయిలో గోండు పిల్లలకు పాఠం చెప్పే గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. కొన్నిచోట్ల భూములకు పట్టాలొచ్చాయి. 1946లో ఆదివాసీ ప్రాంతాలకు ప్రత్యేక రెగ్యులేషన్ తెచ్చారు. కాల్చి చంపిన చేత్తోనే కాగితం రాయాల్సి వచ్చింది. అడిగింది మొత్తం రాలేదు. కానీ అడగకపోయి ఉంటే ఆ కాస్తా వచ్చేది కాదు.

ఇది ఒక్క మన దగ్గరే కాదు. బిర్సా ముండా "అబువా దిసుం, అబువా రాజ్" అన్నాడు. మన దేశం, మన రాజ్యం. 1899-1900లో ఉల్‌గులాన్ లేచింది, అణచేశారు, 1900 జూన్‌లో బిర్సా రాంచీ జైల్లో చనిపోయాడు. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది, ముండాల భూమి బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా అడ్డం పడింది. శ్రీకాకుళంలో 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను కాల్చి చంపారు. ఆ మంట కొండలన్నీ పాకింది. ఆ వెనకే 1970లో 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి పేరు మీదికి మారడానికి వీల్లేదన్నది.

గతితర్కం అంటే ఇదే తమ్ముడూ. పుస్తకంలో చదివితే భయమేస్తుంది గానీ, మన బతుకులో రోజూ చూస్తున్నదే. ఏ వస్తువైనా తనలోనే తన ఎదురుశక్తిని పెట్టుకుని ఉంటుంది. ఆ రెంటి పెనుగులాటలోంచి కొత్తది పుడుతుంది. పుట్టినదాని లోపల మళ్లీ కొత్త పెనుగులాట మొదలవుతుంది. దానికి ఆఖరి మజిలీ అంటూ ఉండదు. అందుకే "చట్టం వచ్చేసింది, ఇక గెలిచాం" అన్నవాడూ తప్పే, "చట్టాలన్నీ మోసం, ఏం లాభం" అన్నవాడూ తప్పే.

1/70నే చూడు. చట్టం వచ్చింది కాబట్టి భూమి ఆగిపోయిందా? బినామీ పుట్టుకొచ్చాడు. మన పేరు మీదే కాగితం, వాడి చేతిలో పొలం. అయినా అదే చట్టం పట్టుకుని పోరాడితే 1997లో సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు కూడా గిరిజనేతర "వ్యక్తి" కిందికే వస్తుంది, ప్రైవేటు కంపెనీకి గనుల లీజు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. పండగ చేసుకున్నాం. ఆ తీర్పులోనే ఒక సందు ఉంది. సర్కారు సంస్థ తవ్వుకోవచ్చు. ఆ సందులోంచే బాక్సైట్ మళ్లీ వచ్చింది. తవ్వేది సర్కారు కార్పొరేషన్, తీసుకునేది ప్రైవేటు ఫ్యాక్టరీ. 2015లో 97వ నంబరు జీవో ఇచ్చారు, జెర్రెల కొండల మీదికి. మన్యం మొత్తం లేచింది. 2019లో ఆ జీవో రద్దయింది. ఇక అయిపోయిందా? కాలేదు. కొండ కింద బాక్సైట్ ఉన్నంత కాలం, అల్యూమినియం అమ్మేవాడు ఉన్నంత కాలం ఇది అయిపోదు. ఇంకో పేరుతో ఇంకో జీవో వస్తుంది. అది వచ్చే లోపల నువ్వేం చేసి ఉంచావన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు పెద్దాయన రెండో మాట. "చరిత్ర ముందుకే పోతుంది." ముందు అంటే ఎటు సార్? ఊరుమ్మడి అడవి పోయి ప్రైవేటు గని రావడం ముందా? రైతు పోయి అడ్డా మీద కూలీ కావడం ముందా? మీరు చదివిన మార్క్సే ఈ మాట అనలేదు. 1881లో వెరా జాసులిచ్ అనే రష్యా విప్లవకారిణి ఆయనకు ఉత్తరం రాసింది. మా ఊరుమ్మడి భూముల పద్ధతి చచ్చిపోవాల్సిందేనా, అందరూ పెట్టుబడిదారీ దారిలో నడవాల్సిందేనా అని అడిగింది. ఆ ముసలాయన జవాబు కోసం చిత్తు మీద చిత్తు రాశాడు. చివరికి పంపిన చిన్న ఉత్తరంలో, నేను కాపిటల్‌లో చెప్పిన దారి పశ్చిమ యూరప్‌కి సంబంధించింది మాత్రమే అన్నాడు. చుట్టూ పట్టి పీడిస్తున్న శక్తుల్ని ముందు తొలగించగలిగితే, రష్యాలో ఆ ఊరుమ్మడే కొత్త సమాజానికి ఊతం కాగలదన్నాడు. పెరూ దేశంలో మరియాతెగీ 1928లో ఇదే సంగతి తన నేల మీద నిలబడి రాశాడు. అక్కడి ఆదివాసుల సమస్య చదువు లేకపోవడం కాదు, సంస్కారం లేకపోవడం కాదు, భూమి సమస్య అన్నాడు. వాళ్ల అయ్‌యూ అనే ఊరుమ్మడి పద్ధతిలో రేపటికి పనికొచ్చే బలం ఉందన్నాడు. అంటే మన ఉమ్మడితనం గతం నుంచి మిగిలిన చెత్త కాదు, రేపటి విత్తనం కూడా కావచ్చు. దీన్ని వెనక్కి పోవడం అన్నవాడికి గతితర్కం సగమే అర్థమైందని చెప్పు, భయపడకు.

ఇక్కడిదాకా చదివి చప్పట్లు కొట్టిన తమ్ముడూ, ఇప్పుడు నీ వంతు.

"తాతల కాలంలో అన్నీ ఉన్నాయి" అన్నావు. ఏమున్నాయో చెప్పు. పోడు ఉంది. నిజమే. కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు పండించుకుని, ఆ చెలక వదిలేసి ఇంకో చోటికి పోయేవాళ్లు. వదిలిన చోట అడవి మళ్లీ లేచేది. అది నడవాలంటే వదిలేయడానికి నేల ఉండాలి. ఇవాళ ఉందా? ఒకే చెలకలో ఏటా పత్తి వేసి, మందు కొట్టి, అప్పు తెచ్చి "ఇది మా తాతల పోడు" అంటే ఆ తాతలు ఒప్పుకుంటారా? పేరు అదే, లోపల సరుకు మారిపోయింది. మారినదాన్ని మారిందని చెప్పలేనివాడు ఎన్ని డోళ్లు కొట్టినా సంస్కృతిని కాపాడలేడు.

పటేళ్లూ ముఠాదారులూ అప్పుడూ ఉన్నారు. మన్యంలో శిస్తు వసూలు చేసిపెట్టింది మన ముఠాదారులే. 1879లో రంప తిరుగుబాటులో ముందు నిలబడిందీ వాళ్లలోనే కొందరు. ఒకే పదవిలో ఆ రెండు ముఖాలూ ఉన్నాయి. ఇవాళ బినామీకి సంతకం పెట్టేది ఎవరు? కాంట్రాక్టరు పక్కన కుర్చీ వేసుకుని గ్రామసభ తీర్మానం రాయించేది ఎవరు? బయటివాడి పేరు మాత్రమే చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే.

ఆడవాళ్ల సంగతి ఇంకా చేదు. ఇప్పపువ్వు ఏరేది అమ్మ, తునికాకు కోసేది అక్క, అడవిలో ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలో తెలిసింది నాయనమ్మకు. పంచాయితీలో కూర్చునేది ఎవరు? భూమిలో బిడ్డకు వాటా అంటే "మన ఆచారం కాదు" అనేది ఎవరు? ఎవరికో జ్వరమొస్తే, ఒంటరి ముసలమ్మ చేతబడి చేసిందని తన్ని చంపిన ఊళ్లు లేవా? అది కూడా తాతల కాలం నుంచి వచ్చిందే. దాన్నీ తిరిగి తెచ్చుకుందామా?

మెక్సికోలో చియాపాస్ ఆదివాసులు, జపాటిస్టాలు, 1994 జనవరి 1న లేచారు. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజే లేచారు. ప్రపంచమంతా వాళ్ల తుపాకులు చూసింది. వాళ్లు అంతకు ముందు ఏడాది, 1993లో, తమలో తాము ఇంకో యుద్ధం చేశారు. ఆడవాళ్లు ఊరూరూ తిరిగి, ఎవరిని పెళ్లాడాలో, ఎంతమంది పిల్లల్ని కనాలో మేమే తేల్చుకుంటాం, పదవుల్లో మేమూ ఉంటాం, మమ్మల్ని కొట్టడానికి వీల్లేదు అని మహిళా చట్టం చేయించుకున్నారు. సర్కారు మీద తిరగబడే ముందే తమ ఆచారాల్లో ఉన్న తప్పు మీద తిరగబడ్డారు. 1996లో సర్కారు శాన్ ఆంద్రెస్ ఒప్పందం మీద సంతకం పెట్టి మాట తప్పింది. వీళ్లు ఏడుస్తూ కూర్చోలేదు, తమ ఊళ్లలో తమ బడి, తమ ఆసుపత్రి, తమ పాలన నడుపుకున్నారు. 2023లో ఆ పాలనలోనే పైవాళ్లకీ జనానికీ దూరం పెరిగిందని గుర్తించి, తాము కట్టిన స్వయంపాలనా మున్సిపాలిటీలను తామే రద్దు చేసి, అధికారాన్ని మళ్లీ ఊరి స్థాయికి దించారు. ముప్పై ఏళ్లు రక్తం పోసి కట్టినదాన్ని తప్పుంటే విప్పి కట్టుకునే ధైర్యం! కలకి కాళ్లు రావడం అంటే ఇదీ.

దూరం దేశం ఎందుకు, మన పక్కనే ఉన్నాయి. ఒడిశాలో నియమగిరి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. ఆ ఏడాది పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండుకు పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. భీం తాత నిలబెట్టింది పన్నెండు ఊళ్లు, డోంగ్రియా కోందులు గెలిపించిందీ పన్నెండు ఊళ్లు. 1940లో తుపాకీతో అణచిన మాట, 2013లో కోర్టు రికార్డులోకి ఎక్కింది. ఇది వెనక్కి పోవడమా, ముందుకు రావడమా? మీరే చెప్పండి.

గడ్చిరోలిలో మెండా లేఖా. గోండుల ఊరు, మనకు ప్రాణహిత అవతల. "మా ఊళ్లో మేమే సర్కారు" అని ఏళ్ల కిందటే అనుకున్నారు. నినాదం రాసి గోడకి అంటించి ఊరుకోలేదు. ఊరంతా ఒప్పుకునే దాకా కూర్చుని మాట్లాడి నిర్ణయం చేసే అలవాటు పెట్టుకున్నారు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో 1,800 హెక్టార్ల అడవి మీద సాముదాయిక హక్కు తెచ్చుకున్నారు. 2011లో తమ వెదురు తామే అమ్ముకున్నారు. 2013లో సొంత పొలాలు కూడా గ్రామసభ పేరు మీద పెట్టాలని తీర్మానించుకున్నారు. ఇదెక్కడి యుటోపియా? బస్సెక్కితే పోయి చూసి రావచ్చు.

మరి మనమేం చేశాం? 2006 చట్టం వచ్చినప్పుడు పోడు పట్టా, పోడు పట్టా అని తిరిగాం. తిరగాల్సిందే, అది మన చెమట. కానీ ఎక్కువ ఊళ్లలో అక్కడే ఆగిపోయాం. ఎవడి ముక్క వాడిది అయ్యింది. ముక్కల మధ్యలో ఉన్న అడవి, వాగు, గుట్ట, వెదురు, తునికాకు మాత్రం ఫారెస్టోళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఊరుమ్మడి కోసం చేసిన కొట్లాట ఊళ్లో సొంత ఆస్తిని పుట్టించింది, ఆ సొంత ఆస్తి ఊరి మధ్య గెట్టు పంచాయితీలు పుట్టించింది. గెలుపు లోపలే ఓటమి కూర్చుని ఉందంటే అర్థం ఇదే. దీన్ని దాటే దారీ అదే చట్టంలో ఉంది. ఫారం "సి" నింపి ఊరి అడవి మొత్తానికి క్లెయిమ్ పెట్టొచ్చు. సొంత పట్టాకి ఉన్న నాలుగు హెక్టార్ల హద్దు దానికి లేదు. పట్టా మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టమే చెబుతోంది. మీ ఇంట్లో పట్టా తీసి చూడండి, అమ్మ పేరు ఉందా?

ఇక చివరిది. మన కలని చంపడానికి ఇప్పుడు తూటా అక్కర్లేదు. కంచు చాలు. భీం పేరు 2016లో జిల్లాకి పెట్టారు. బిర్సా పుట్టిన రోజుని 2021 నుంచి దేశమంతా పండగ చేస్తున్నారు. పెట్టొద్దని నేననడం లేదు. మన తాతల పేర్లు వాళ్ల నోటితో పలికించింది కూడా మన కొట్లాటే. కానీ దండ వేసి దిగిన చేత్తోనే ఊరు ఖాళీ చేయమని నోటీసు ఇస్తే, ఆ దండ ఎవరి మెడలో పడిందో ఆలోచించండి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సంతకి, సభకి వచ్చిన గోండుల మీద కాల్పులు జరిపారు. సర్కారు 13 మంది చనిపోయారంది, చచ్చినోళ్లు ఇంకా ఎక్కువ అని జనం చెబుతూనే ఉన్నారు. అక్కడి స్తూపం దగ్గర దండం పెట్టుకోవడానికి ఎన్నేళ్లు ఆంక్షలు పెట్టారో మీకు తెలుసు. స్టేటస్‌లో ఫోటో పెట్టి, డీజేలో పాట పెట్టి, మర్నాడు మైనింగ్ కాంట్రాక్టరు బండి డ్రైవరుగా పోతే మనం కూడా అదే కంచు పోసినట్టు. బతుకు కోసం పోయినవాణ్ని నేను తిట్టను. కానీ పోయి ఏం చూశావో వచ్చి ఊరికి చెప్పు. భీం చేసింది అదే.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, ఈ వారం ఒక పని చేయండి. ఊళ్లో పదిమంది కూర్చోండి. ముసలోళ్లు, ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. రెండు కాగితాలు తీసుకోండి. ఒకదాని మీద, ఇరవై ఏళ్ల తర్వాత మన ఊరు ఎట్లుండాలో రాయండి. సిగ్గు పడొద్దు, పెద్ద కలే రాయండి. రెండో దాని మీద, ఆ కలకి అడ్డం ఎవరో రాయండి. బయటివాళ్ల పేర్లు రాశాక ఆగకండి, మనలో ఉన్న అడ్డాలూ రాయండి. మొదటి కాగితం ఒక్కటే ఉంటే పగటి కల. రెండోది ఒక్కటే ఉంటే ఏడుపు. రెండూ పక్కపక్కన పెట్టి ఊరు మాట్లాడుకోవడం మొదలుపెట్టిన రోజు, ఆ పట్నం పెద్దాయనకి చెప్పాల్సిన జవాబు దొరికినట్టే. ఈసారి సదస్సుకి ఆ రెండు కాగితాలూ పట్టుకుని పోదాం.

మావ నాటే మావ రాజ్!
జోడేఘాట్, లేవిడి, ఇంద్రవెల్లి అమరులకు జోహార్!